ముందు పన్ను చేతిలో పెట్టండి, పేరు తర్వాత చెప్పవచ్చు

ప్రశ్న: మేడమ్, నేను ఓరల్ పాథాలజీలో ఎండీఎస్ చేసి ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీలో చేరాను. బీడీఎస్ మొదటి సంవత్సరం పిల్లలకు డెంటల్ అనాటమీ (పళ్ల ఆకార నిర్మాణం), ఓరల్ హిస్టాలజీ (మైక్రోస్కోపులో చూసే పళ్ల, నోటి కణజాలాలు) చెబుతున్నాను. క్లాసులో వంద మంది. సగానికి పైగా ఎంబీబీఎస్ సీటు రాక ఇటు వచ్చినవాళ్లే. థియరీ పేజీలకు పేజీలు అప్పజెబుతారు, స్పాటర్స్‌లో, అంటే వస్తువు చూపించి గుర్తించమనే పరీక్షలో, పన్ను చేతికిస్తే అది కుడిదో ఎడమదో చెప్పలేరు. మైక్రోస్కోపులో చూడకుండానే సీనియర్ల రికార్డు పెట్టుకుని బొమ్మలు వేసేస్తారు. "పళ్ల తొడుగులు, క్రౌన్లు కంప్యూటరే డిజైన్ చేస్తుంటే మాకు పళ్ల ఆకారాలకు ఈ మైనం చెక్కుడు ఎందుకు మేడమ్?" అని ఒకబ్బాయి అడిగితే జవాబు తోచలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు వెనక బెంచీలో నోరు విప్పరు. క్లాసు ఉందంటేనే టెన్షన్‌గా ఉంటోంది. లోపం నాదా, పిల్లలదా, సబ్జెక్టుదా? — ఒక లెక్చరర్, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒక్కచోటే ఆగిపోయాను. "పేజీలకు పేజీలు అప్పజెబుతారు, పన్ను చేతికిస్తే చెప్పలేరు" అన్నారు చూడండి, అక్కడ. నేనూ అలా అప్పజెప్పి పాసైన మనిషినే.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు పళ్లకు క్లిప్పులు వేయించుకోబోతున్న ఒక కాలేజీ అమ్మాయికి పై మొదటి ప్రీమోలార్, అంటే కోరపన్ను వెనకే ఉండే పన్ను, తీసే పని నాకు అప్పగించారు. మొదటి సంవత్సరం పరీక్షలో ఆ పన్ను గురించే ప్రశ్న వస్తే "సాధారణంగా రెండు వేర్లు ఉంటాయి, ఒకటి బుగ్గ వైపు, ఒకటి అంగిలి వైపు" అని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రోజు మాత్రం ఫోర్సెప్స్ పట్టుకుని, ముందు పన్ను తీసినట్టే గుండ్రంగా తిప్పాను. పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. పన్ను ఊడి వచ్చింది, అంగిలి వైపు వేరు కొస లోపలే ఉండిపోయింది. మా సీనియర్ వచ్చి దాన్ని తీయడానికి ముప్పావుగంట పట్టింది. ఆ అమ్మాయి కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే పక్కన నిలబడి చూశాను. ఒకే వేరు, అదీ శంకు ఆకారంలో ఉంటే తిప్పవచ్చు. రెండు సన్నటి వేర్లున్న పన్నును తిప్పితే విరుగుతుంది, బుగ్గ వైపు, అంగిలి వైపు మెల్లగా కదిలించాలి. నాకు తెలియని సంగతి ఏమీ కాదు. నా తలకు తెలిసింది, నా మణికట్టుకు తెలియలేదు.

కాబట్టి లోపం మీదని గానీ పిల్లలదని గానీ నేను అనను. మనం చెప్పే వరుస తప్పు. ముందు పేరు చెబుతాం, తర్వాత ఇరవై లక్షణాలు స్లయిడ్ల మీద చూపిస్తాం, వారం పోయాక ప్రాక్టికల్‌లో పన్ను ఇస్తాం. అప్పటికే వాళ్లు మాటలతో కడుపు నింపుకుని ఉంటారు, ఇక చూడాలనే ఆకలి ఉండదు. ఈ వరుసను తిరగేయండి. నేను ముప్పై ఏళ్ల పాఠాల్లో నేర్చుకున్నది ప్రధానంగా ఇదొక్కటే.

ఎలాగంటారా? ఒక గుడ్డసంచి కుట్టించండి. మీ కాలేజీ ఎక్స్‌ట్రాక్షన్ విభాగంలో రోజూ పళ్లు తీస్తూనే ఉంటారు. రోగిని అడిగి, సమ్మతి తీసుకుని, హెడ్ అనుమతితో సేకరించండి. శుభ్రంగా కడిగి ఆటోక్లేవ్‌లో 40 నిమిషాలు పెట్టించండి. వెండి సిమెంటు నింపిన పళ్లను మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, వేడికి పాదరసం ఆవిరి వస్తుంది. వాటిని 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచి, బాగా కడిగి వాడాలి. ఇవన్నీ మీకు తెలిసినవే కావచ్చు. కొత్త లెక్చరర్లు తొందరలో ఈ ఒక్క పని వదిలేయడం చూశాను, అందుకే చెబుతున్నాను.

మొదటి రోజు స్లయిడ్లు వేయకండి. పదేసి మంది చొప్పున కూర్చోబెట్టి, గ్లౌజులు వేయించి, చెయ్యి సంచిలో పెట్టి చూడకుండా ఒక పన్ను పట్టుకోమనండి. "ఏం తగిలింది?" అని మాత్రమే అడగండి. పేరు అడగవద్దు. "ఒక మూల వాడిగా ఉంది, రెండో మూల నునుపుగా తిరిగింది" అంటాడు ఒకడు. వాడి చేతిలో ఉన్నది పై ముందు పన్ను. ఇంకొకమ్మాయి "రెండు వైపులా ఒక్కలాగే ఉంది మేడమ్, ఏ తేడా దొరకడం లేదు" అని దిగులుగా చెబుతుంది. అది కింది సెంట్రల్ ఇన్సైజర్, అంటే కింది వరుసలో నడిమి ముందు పన్ను. మన నోట్లో అన్నిటికన్నా చిన్న పన్ను, దాదాపు రెండు వైపులా సమానంగా ఉండే పన్ను. తేడా దొరక్కపోవడమే దాని గుర్తు. ఆ అమ్మాయి తెలియకుండానే సరైన జవాబు చెప్పింది, అదే మాట క్లాసందరి ముందూ అనండి. వెనక బెంచీ వాళ్లు మాట్లాడటం అక్కడ మొదలవుతుంది.

కుడీ ఎడమల తికమక కూడా చేతితోనే పోవాలి. పై సెంట్రల్ ఇన్సైజర్‌ను వేరు పైకి, పెదవి వైపు ముఖం తన వైపు ఉండేట్టు పట్టుకోమనండి. అంటే ఎదురుగా కూర్చున్న రోగిని చూస్తున్నట్టు. వాడిగా ఉన్న మూల మీసియల్, అంటే ముఖం మధ్యగీత వైపుది. ఆ మూల తన కుడి చేతి వైపు వస్తే అది రోగి కుడి పన్ను. ఈ ఒక్క పన్ను మీద ఒక గంట గడపండి, సిలబస్ వెనకబడుతుందని భయపడకండి. ఇది కుదిరినవాడికి తర్వాతి పళ్లు త్వరగా వస్తాయి.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి. పిల్లలు రాత్రిళ్లు యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల పాఠాలు చూస్తారు. అక్కడ పళ్ల లెక్క వేరు. మన ఎఫ్‌డీఐ పద్ధతిలో మొదటి అంకె నోటి భాగానిది, రెండోది ఆ భాగంలో పన్ను వరుసది, కాబట్టి 16 అంటే పై కుడి మొదటి మోలార్ (దవడ పన్ను). వాళ్ల లెక్కలో 16 అంటే పై ఎడమ జ్ఞానదంతం. ఎందుకు తప్పు రాశారో వాళ్లకే తెలియని తప్పులు కొన్ని ఇక్కడి నుంచి వస్తాయి. 16ను "పదహారు" అనకుండా "ఒకటి, ఆరు" అని విడివిడిగా పలకడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి.

పై మొదటి మోలార్ దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా గుండె జారుతుంది. నాలుగు కస్పులు (నమిలే ముఖం మీది మొనలు), వాటికి తోడు కారబెల్లి కస్పు, ఏటవాలు గట్టు, మూడు వేర్లు. దీన్ని నేను సకినంతో చెప్పేదాన్ని. సంక్రాంతి సెలవుల తర్వాత హాస్టల్ డబ్బాల్లో సకినాలు ఎలాగూ ఉంటాయి. ల్యాబ్‌లో తినకూడదు కాబట్టి అందరినీ వరండాలోకి తీసుకెళ్లి తలా ఒకటి ఇచ్చేదాన్ని. "కొరకండి, కొరికి ఆగండి" అనేదాన్ని. ముక్క ముందు పళ్ల దగ్గర తెగింది. "ఇప్పుడు నమలండి, ముక్క ఎక్కడికి పోయిందో గమనించండి." ఎవరూ చెప్పకుండానే నాలుక దాన్ని పక్కకు తోసి దవడ పళ్ల మధ్య పెడుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్న పనిని పిల్లలు ఆ రోజే మొదటిసారి గమనిస్తారు. వాళ్ల ముఖాలు చూడాలి మీరు.

తర్వాత లోపలికి వచ్చి, పై మోలార్‌నూ కింది మోలార్‌నూ ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టమనేదాన్ని. పై పన్నులో అన్నిటికన్నా పెద్ద కస్పు మీసియో పాలటల్, అంటే అంగిలి వైపు ముందుది. అది వెళ్లి కింది మొదటి మోలార్ నడిమి గుంటలో కూర్చుంటుంది. రోకలి పైనుంచి వస్తుంది, రోలు కింద ఉంటుంది. ఇంట్లో రోలు చూసినవాళ్లకు ఇక ఏ కస్పు ఎందుకంత పెద్దదో చెప్పనక్కర్లేదు. అంత దంచుడు తట్టుకోవాలంటే పీట గట్టిగా ఉండాలి కదా, అందుకే మూడు వేర్లు, ముక్కాలి పీటలాగా. బుగ్గ వైపు రెండు, అంగిలి వైపు ఒకటి, ఆ అంగిలి వైపుదే అన్నిటికన్నా పొడవు. మీసియో బక్కల్ వేరును, అంటే బుగ్గ వైపు రెండింటిలో ముందుదాన్ని, పక్క నుంచి చూడమనండి, చపటగా, వెడల్పుగా ఉంటుంది. అంత వెడల్పు వేరులో ఒక్క కాలువే ఉంటుందా అని అడిగి వదిలేయండి. ఫైనల్ ఇయర్‌లో రూట్ కెనాల్ చేసేటప్పుడు ఈ పన్నుకు నాలుగో కాలువ వెతకాల్సి వస్తుంది, సగానికి పైగా పళ్లలో అది ఉంటుంది కూడా. మొదటి సంవత్సరంలో వేసిన ఆ ప్రశ్న అప్పుడు గుర్తొస్తుంది.

కారబెల్లి కస్పును మాత్రం స్లయిడ్ మీద చూపించకండి. నాలుక కొసను పై మొదటి మోలార్ అంగిలి వైపు ముందు భాగానికి తాకించమనండి. కొందరికి చిన్న బొడిపె తగులుతుంది, కొందరికి గీతలాంటి గుంట తగులుతుంది, కొందరికి ఏమీ ఉండదు. పక్కవాళ్ల నోట్లో ఫోన్ టార్చి వేసి చూసుకుంటారు. ఆ గంటంతా క్లాసు సంతలా ఉంటుంది, ఉండనివ్వండి.

ఈ పన్ను గురించే ఇంకొక్క మాట మీ నోటితో చెప్పాలి. ఆరేళ్ల వయసులో మొదటి మోలార్ ఏ పాలపన్నూ ఊడకుండానే వెనక నుంచి మొలుస్తుంది. అమ్మానాన్నలు దాన్ని పాలపన్నే అనుకుంటారు. "ఊడిపోయేదే కదా డాక్టరుగారూ, దానికి ఖర్చెందుకు?" అని తొమ్మిదేళ్ల పిల్లాడితో వచ్చిన ఒక తల్లి నన్ను అడిగింది. అప్పటికే ఆ పన్ను వేర్ల దాకా పుచ్చిపోయింది. అది మళ్లీ రాదని చెప్పినప్పుడు ఆవిడ కొడుకు ముఖంలోకి చూసిన చూపు నేను మరచిపోలేదు. మీ దగ్గర ఈ ఏడాది నేర్చుకునే వంద మందీ రేపు వంద చోట్ల కూర్చుని ఆ మాట ముందే చెప్పగలిగితే ఎన్ని పళ్లు నిలుస్తాయో మీరే లెక్కేసుకోండి. ఎంబీబీఎస్ రాలేదని దిగులు పడుతున్న పిల్లలకు నేను ఉపన్యాసం ఇవ్వను, ఈ తల్లి సంగతి చెబుతాను.

ఇక హిస్టాలజీ. ఎరుపు, నీలం పెన్సిళ్లతో రికార్డు నింపడం మా కాలంలోనూ ఉంది. సీనియర్ బొమ్మ చూసి వేసినవాడిని తిడితే ఈసారి ఇంకో సీనియర్ బొమ్మ చూస్తాడు. స్లయిడ్‌లో చూడాల్సిన అవసరం పుట్టించాలి.

పన్ను పైనుండే గట్టి పొర ఎనామెల్‌తో మొదలుపెట్టండి. ఒక పన్నును 5 శాతం నైట్రిక్ యాసిడ్‌లో వేసి, ద్రావణం మారుస్తూ కొన్ని రోజులు ఉంచండి. ఆ పని మీరే చేయండి, పిల్లల చేత చేయించవద్దు. బాగా కడిగి వాళ్ల చేతికివ్వండి. రబ్బరులా వంగుతుంది. చేతిలో రాయిలా ఉండాల్సిన పన్ను వేళ్ల మధ్య వంగుతుంటే "ఏమైంది దీనికి?" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు రెండు స్లయిడ్లు పెట్టండి. ఒకటి యాసిడ్‌లో నాననివ్వకుండా పన్నును రాయి మీద అరగదీసి చేసిన గ్రౌండ్ సెక్షన్, రెండోది డీకాల్సిఫై చేసి, అంటే యాసిడ్‌తో ఖనిజం తీసేసి, రంగు వేసినది. మొదటి దాంట్లో ఎనామెల్ ఉంటుంది, రెండో దాంట్లో ఆ చోటంతా ఖాళీ. ఎనామెల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే కాబట్టి యాసిడ్‌లో దాదాపు మొత్తం కరిగిపోయింది. దాని లోపలి పొర డెంటిన్‌లో ఖనిజం 70 శాతం, మిగతా దాంట్లో కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉంది కాబట్టి ఆకారం నిలబడింది, కాబట్టే వంగింది. వంగిన పన్నును ముట్టుకున్నవాడికి ఈ అంకెలు బట్టీ పట్టే పని ఉండదు.

వీలుంటే గ్రౌండ్ సెక్షన్ ఒక్కటైనా వాళ్ల చేత చేయించండి. మాస్కు పెట్టించి, నీళ్లు పోస్తూ కార్బొరండం రాయి మీద వేలి కొసతో అరగదీయాలి. మొదట ఓపిక పోతుంది, గోళ్లు అరుగుతాయి. పలచబడే కొద్దీ చేతి కింద చప్పుడు మారుతుంది. ఇంకాస్త అంటే విరిగిపోతుంది. చివరికి కాగితం కన్నా పలచని ఆ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, ఎనామెల్‌లో గోధుమరంగు గీతలు చూసినవాడు ఆ బొమ్మ ఇంకొకరి రికార్డులోంచి ఎత్తుకోడు, అది తన పన్ను. అవి రెట్జియస్ గీతలు, ఎనామెల్ పొర మీద పొర పేరుకున్న ఆనవాళ్లు. పాలపన్నులో అయితే వాటిలో ఒకటి ముదురుగా, విడిగా కనిపిస్తుంది. బిడ్డ పుట్టిన సమయానికి పడిన గీత అది, నియోనేటల్ లైన్. దానికి లోపలి ఎనామెల్ తల్లి కడుపులో తయారైంది, బయటిది ఈ లోకంలోకి వచ్చాక. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆ గీత కనబడగానే నాకు కాసేపు మాట రాదు.

ఏ పన్ను ఎప్పుడు తయారవుతుందనే పట్టిక పిల్లలకు పెద్ద తలనొప్పి. దీనికి మన దగ్గర ఎవరికీ లేనంత దగ్గరగా ఒక ఉదాహరణ ఉంది, బాధాకరమైనదే అయినా. నల్లగొండ వైపు నుంచి, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల వల్ల పడిన మరకల పళ్లతో వచ్చే రోగులు హైదరాబాద్ డెంటల్ కాలేజీల్లో కొత్త కాదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పెరిగిన పిల్లల సంగతి వేరు, బోరు నీళ్లు తాగి పెరిగిన పెద్దల పళ్లలో ఆ మరకలు ఇప్పటికీ ఉన్నాయి. ఓపీడీలో అనుమతి తీసుకుని, నలుగురైదుగురు విద్యార్థులను అలాంటి రోగి దగ్గర కూర్చోబెట్టండి. "మీరు చిన్నప్పుడు ఏ ఊళ్లో పెరిగారు, ఏ నీళ్లు తాగారు?" అని మర్యాదగా అడగమనండి. పై సెంట్రల్ ఇన్సైజర్ పుట్టిన మూడు, నాలుగు నెలలకు గట్టిపడటం మొదలై, నాలుగైదేళ్లకు దాని క్రౌన్, అంటే నోట్లో కనిపించే భాగం, పూర్తవుతుంది. ఆ పన్ను మీది మరక ఆ ఏళ్లలో తాగిన నీటిది. ఇరవై ఏళ్లకు పెళ్లై ఆ ఊరికి కోడలిగా వెళ్లినావిడ పళ్లకు ఈ మరకలు రావు, ఎందుకంటే ఎనామెల్ తయారుచేసే కణాలు, అమెలోబ్లాస్టులు, పన్ను మొలిచాక మిగలవు. అవే లేవు కాబట్టి అరిగిన ఎనామెల్ మళ్లీ రాదు కూడా. ఒక్క రోగి దగ్గర పట్టికా, అమెలోబ్లాస్టులూ రెండూ వచ్చేశాయి. రోగి ఎదుట "కేసు" అనీ "స్పాటర్" అనీ అనకూడదని మాత్రం ముందే గట్టిగా చెప్పి తీసుకెళ్లండి. చిన్నప్పటి నుంచి నోరు మూసుకుని నవ్విన మనుషులు వాళ్లు.

మైనం చెక్కుడు ఎందుకని అడిగిన అబ్బాయిది మంచి ప్రశ్న. కంప్యూటర్ క్రౌన్ ఆకారం సూచిస్తుంది, నిజమే. అది బాగుందా లేదా అని తెర ముందు కూర్చుని ఒప్పుకోవాల్సింది ఆ అబ్బాయే. అన్నంలో వెంట్రుక వస్తే పళ్ల మధ్య ఎలా తెలుస్తుందో అడగండి. అంతకన్నా సన్నటి ఎత్తును కూడా నోరు పట్టేస్తుంది, ఆ క్రౌన్ పెట్టుకున్న రోగి మర్నాడే వెనక్కి వస్తాడు. చెక్కడం చేతిపని కోసం మాత్రమే కాదు, చూపు కోసం. అయితే మనం మార్కులు వేసే తీరు ఆ పిల్లాడి ప్రశ్నకు తగ్గట్టే ఉంది, అద్దంలా మెరిసే మైనానికి ఎక్కువ, గరుకుదానికి తక్కువ. నేను చివరి పదేళ్లు మెరుపుకు మార్కులు తీసేశాను. పాఠం చెప్పకముందు ఒకసారి, చెప్పి పన్ను చూపించాక ఒకసారి, ఒకే పన్నును రెండు బ్లాకుల్లో చెక్కించి పక్కపక్కన పెట్టించేదాన్ని. తేడా ఎక్కడుందో నోటితో చెప్పగలిగితే మార్కులు. ఇంటర్నల్స్ వరకైనా మీరూ ఇలా చేయవచ్చు, యూనివర్సిటీ పరీక్ష మన చేతిలో లేదు.

భాష గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు కానీ అదే పెద్ద సంగతి. తెలుగులో వివరించండి, సంకోచించకండి. పరీక్ష ఇంగ్లిష్‌లోనే కాబట్టి మీసియల్, డిస్టల్, కస్పు, రిడ్జ్ అలాగే ఉండనివ్వండి, వాటి మధ్య వాక్యం తెలుగుది కావాలి. తెలుగు మీడియం పిల్లలు కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని బడిలోనే చదివారు, దంత సూత్రం 2, 1, 2, 3 అని నిద్రలో లేపినా చెబుతారు. చర్వణం అంటే నమలడం అని వాళ్లకు మాటలోనే తెలుసు. మోలార్ అనే మాటలో తిరగలి రాయి ఉందని ఇంగ్లిష్ మీడియం పిల్లలకు మీరు చెబితే గానీ తెలియదు. ఒకరోజు ఆ పదాలు బోర్డు మీద వాళ్ల చేతే రాయించండి. వేరే రాష్ట్రాల పిల్లలు ఉంటే వాళ్లకు ఇంగ్లిష్‌లో మళ్లీ చెప్పండి, రెండుసార్లు వినడం అందరికీ మంచిదే.

వంద మందితో ఇదంతా ఒక్కరి వల్ల కాదు. బ్యాచ్‌లుగా విడగొట్టండి. గత ఏడాది బాగా చేసిన ఇద్దరు ముగ్గురు సెకండ్ ఇయర్ వాళ్లను సంచి దగ్గర కూర్చోబెట్టమని మీ హెడ్‌ని అడగండి, వాళ్లకూ పాఠం గట్టిపడుతుంది. ఈ ఏడాదికి సంచి ఒక్కటీ కుదిరినా చాలు, గ్రౌండ్ సెక్షన్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

సంచిలోకి మొదట పై సెంట్రల్ ఇన్సైజర్లు నాలుగైనా కావాలి, రెండు కుడివి, రెండు ఎడమవి. కింది ఇన్సైజర్లు, పై కోరపన్ను, పై, కింది మొదటి మోలార్లు ఎక్కువ కష్టపడకుండానే దొరుకుతాయి. పై మొదటి ప్రీమోలార్ మాత్రం రెండు వేర్లూ కొసల దాకా విరగకుండా ఉన్నది దొరికేవరకు వెతకండి. క్లిప్పుల కోసం తీసిన పళ్లలో దొరుకుతుంది, ఆర్థో విభాగంలో ముందే చెప్పి ఉంచండి. దాన్ని ప్రతి విద్యార్థి చేతిలోనూ పెట్టి, ఆ రెండు వేర్లనూ వేళ్లతో తడిమి చూడనివ్వండి.